స్పెయిన్ దండయాత్ర గురించి అజ్టెక్‌లు స్వయంగా ఏం రాసుకున్నారు?

గ్రూప్స్_ప్రిపరేషన్:
అందరికీ నమస్కారం. గ్రూప్స్ కోసం ప్రపంచ చరిత్ర చదువుతున్నాను. మెక్సికో దగ్గరికొచ్చేసరికి నా నోట్స్‌లో మొత్తం వ్యవహారం రెండు పేరాల్లో తేల్చేశారు. 1519లో స్పెయిన్ సేనాని కోర్తెస్ ఐదారు వందల మందితో దిగాడు, అజ్టెక్ రాజు మాంటెజుమా అతన్ని తిరిగొచ్చిన దేవుడు క్వెత్సల్‌కోవాత్ల్ అనుకున్నాడు, గుర్రాలనీ ఫిరంగుల్నీ చూసి జనం హడలిపోయారు, 1521కల్లా రాజ్యం పోయింది. అంతే. అంత పెద్ద రాజ్యం ఇంత తేలిగ్గా పోతుందంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. అసలు ఆ జనం జరిగింది తమంతట తాము రాసుకున్నారా? రాసుకుంటే అందులో ఏముంది? కాస్త వివరంగా చెప్పండి, మార్కుల సంగతి అలా ఉంచితే నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

అరవిందాక్షి:
రాసుకున్నారు తమ్ముడూ, చాలా రాసుకున్నారు, అదీ వాళ్ల భాష నావాత్ల్‌లోనే. వాళ్లకి బొమ్మలతో చరిత్ర రాసే అలవాటు ముందునుంచీ ఉంది. స్పెయిన్ వాళ్లొచ్చాక రోమన్ అక్షరాలు నేర్చుకుని వాటితో తమ భాష రాయడం మొదలుపెట్టారు.

అన్నిటికంటే పెద్దది ఇటలీలోని ఫ్లారెన్స్‌లో ఉన్న కోడెక్స్, అంటే బొమ్మలతో ఉన్న చేతిరాత పుస్తకం. సాహగూన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి దగ్గరుండి చేయించాడు, 1577 ప్రాంతంలో పూర్తయింది. పన్నెండు పుస్తకాలు, పక్కపక్కన నావాత్ల్, స్పానిష్. పన్నెండో పుస్తకమంతా ఈ యుద్ధమే. అక్షరాలా కూర్చుని రాసింది మాత్రం రాజధానికి జంటనగరమైన త్లతెలోల్కోలో 1536లో పెట్టిన శాంతాక్రూస్ కాలేజీలో చదువుకున్న స్థానిక పండితులు. అంతోనియో వలెరియానో, అలోన్సో వెహెరానో, మార్తిన్ హకోబితా, పెద్రో దె సాన్ బ్వేనావెంతూరా అని సాహగూనే వాళ్ల పేర్లు రాసిపెట్టాడు. వీళ్లు నావాత్ల్, స్పానిష్, లాటిన్ మూడూ వచ్చినవాళ్లు. యుద్ధం చూసిన ముసలివాళ్లను అడిగి రాశారు.

అందులో 20వ అధ్యాయం చదివితే నిద్ర పట్టదు. 1520 మే నెల, రాజధాని తెనోచ్తిత్లాన్‌లో తోష్‌కత్ల్ పండగ. కోర్తెస్ ఊళ్లో లేడు, తనను పట్టుకోడానికి వచ్చిన ఇంకో స్పెయిన్ దండును ఎదుర్కోవడానికి తీరానికి వెళ్లాడు. తన అనుచరుడు పెద్రో దె అల్వరాదో చేతికి నగరాన్ని అప్పగించి పోయాడు. గుడి ఆవరణలో కుర్రవాళ్లు, పేరున్న యోధులు పాడుతూ ఆడుతూ ఉంటే స్పెయిన్ సైనికులు ద్వారాలన్నీ మూసేసి లోపలికి దూరారు. మొదట డోలు వాయిస్తున్నవాడి చేతులు నరికారు, తర్వాత తల. గోడలెక్కి తప్పించుకున్నవాళ్లు, శవాల మధ్య చచ్చినట్టు పడుకున్నవాళ్లు, వాళ్లలో కదిలినవాణ్ని చూసి పొడిచేయడం, అన్నీ ఉన్నాయి. ఆ తర్వాతే నగరం తిరగబడింది. జూన్ 30 రాత్రి స్పెయిన్ సేనను తరిమికొట్టింది. నీ నోట్స్‌లో ఈ ముక్క ఉందా?

గ్రూప్స్_ప్రిపరేషన్:
లేదక్కా. 1520 అనే సంవత్సరమే లేదు.

తూర్పుతీరం:
అరవిందాక్షి గారూ, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను గానీ నాకొక గట్టి అభ్యంతరం ఉంది. సాహగూన్ క్రైస్తవ సన్యాసి. ప్రశ్నలు అతనివి, కాగితం అతనిది, చివరికి పుస్తకం వెళ్లింది యూరప్‌కి. రాసిన కుర్రాళ్లు అతని శిష్యులు, బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. దండయాత్ర అయిపోయి ముప్పై ఏళ్లు దాటాక సేకరించిన మాటలవి. ఇది స్థానికుల గొంతు అని నిక్కచ్చిగా ఎలా అంటాం? దేవుడనుకున్నారన్న కథ కూడా ఆ పన్నెండో పుస్తకంలోనే ఉంది కదా? ఎనిమిది అపశకునాలు, ఆకాశంలో నిప్పు, రాత్రుళ్లు ఏడుస్తూ తిరిగే ఆడమనిషి, అవన్నీ అందులోవే. దాన్ని నమ్మితే నోట్స్‌లో ఉన్నదీ నమ్మాల్సి వస్తుంది. దాన్ని కొట్టిపారేస్తే గుడిలో ఊచకోత కథకు ఆధారం ఏది?

అరవిందాక్షి:
ఊచకోతకు ఆధారాల కొరత లేదండీ, స్పెయిన్ వాళ్లే రాశారు. అల్వరాదో మీద తర్వాత జరిగిన విచారణలో అది పెద్ద అభియోగం. తిరుగుబాటు చేయబోతున్నారని తెలిసి ముందే కొట్టానని అతని వాదన. అంటే జరిగిందా లేదా అన్నది తగాదా కాదు.

దేవుడి కథ వేరు. కోర్తెస్ స్పెయిన్ రాజుగారికి రాసిన ఉత్తరాల్లో తనను దేవుడనుకున్నారని ఎక్కడా లేదు. ఎప్పుడో వెళ్లిపోయిన ఒక ప్రభువు వంశం తిరిగొస్తుందని మాంటెజుమా ఉపన్యాసం ఇచ్చినట్టు రాశాడు, అదీ తన దండయాత్ర న్యాయమైనదే అని చెప్పుకోడానికి పనికొచ్చేలా. క్వెత్సల్‌కోవాత్ల్ పేరు లేదు. ఆ పేరు దశాబ్దాల తర్వాతి రాతల్లో వచ్చి చేరింది. శకునాలు కూడా ప్రాచీన రోమన్ రచయితల పుస్తకాల్లో నగరాలు కూలేముందు కనిపించే శకునాల్లాగే ఉన్నాయని చరిత్రకారులు ఎప్పుడో గమనించారు, ఆ కాలేజీ కుర్రాళ్లు లాటిన్ చదివినవాళ్లే మరి.

ఇక నా అభిప్రాయం. తాతల కాలంలో అంత గొప్ప రాజ్యం, కళ్లు తెరిచేసరికి బూడిద. ఎందుకిలా అయిందని మనవలు అడుగుతారు. ముందే రాసిపెట్టి ఉంది, రాజు పిరికివాడు, దేవుడనుకుని మోసపోయాడు, ఇలా సమాధానాలు పుట్టుకొస్తాయి. అది ఓడిన జనం తమ గాయానికి చెప్పుకున్న కారణం. దాన్నే తీసుకుని విజేతలు వీళ్లు అమాయకులు అని వాడుకున్నారు. అందుకే ఒక్కో అధ్యాయాన్నీ విడివిడిగా తూకం వెయ్యాలి. మొదటి అధ్యాయాల్లో రాజాస్థానం లోపలి సంగతులున్నాయి, త్లతెలోల్కో ముసలివాళ్లకు అవి చూసే అవకాశం లేదు. వీధుల్లో పోరు, ఆకలి, రోగం వచ్చేసరికి చెప్పేవాడు స్వయంగా అక్కడున్నాడు. ఆ తేడా చదువుతుంటేనే తెలిసిపోతుంది.

డాక్టర్_సిరి:
రోగం మాట వచ్చింది కాబట్టి. నేను వైద్యురాలిని, 29వ అధ్యాయం మశూచి వర్ణన చదివాను. ఒళ్లంతా, మొహం, తల, రొమ్ము మీద పొక్కులు, నడవలేరు, పక్కకు తిరగలేరు, బోర్లా పడుకోలేరు, కదిలితే కేకలు పెడతారు. అరవై రోజులు పట్టి పీడించిందని లెక్క రాశారు. నన్ను ఆపేసిన వాక్యం వేరే ఉంది. చాలామంది రోగంతో కాకుండా ఆకలితో చచ్చిపోయారట, వండిపెట్టే మనిషి కూడా మంచంలోనే ఉన్నాడు గనుక. ఇంటిల్లిపాదీ ఒకేసారి పడిపోతే మరణాలు ఎందుకు పెరుగుతాయో ఇంతకంటే బాగా చెప్పిన పాఠ్యపుస్తకం నేను చదవలేదు. బతికినవాళ్ల మొహాల మీద గుంటలు, కొందరికి చూపు పోవడం, అవీ ఉన్నాయి. మన పల్లెల్లో అమ్మవారు పోసిందని చెప్పుకునే రోజులు గుర్తున్న పెద్దవాళ్లకు ఇది వేరే దేశం కథలా అనిపించదు.

మాంటెజుమా తర్వాత గద్దెనెక్కిన క్విత్లావాక్ ఎనభై రోజులకే ఈ రోగంతోనే పోయాడు. స్పెయిన్ సేనను తరిమిన రాజు అతనే. ముట్టడి మొదలయ్యేనాటికే నగరం సగం చచ్చి ఉంది.

నల్లరేగడి:
అందరికీ నమస్తే. నేను చదువరిని గాని చరిత్ర విద్యార్థిని కాను, సూటిగా అడుగుతా. స్పెయినోళ్లు వెయ్యి మంది కూడా లేరు. వాళ్ల వెనక నడిచింది వేలకు వేలు స్థానికులే. త్లాష్కాలా వాళ్లు గనక చెయ్యి కలపకపోతే కోర్తెస్ తీరం నుంచే తిరిగి పోయేటోడు. సొంతోళ్లే అమ్మేసినంక దొరల్ని అని ఏం లాభం? నాకైతే త్లాష్కాలా వాళ్లు ద్రోహులు.

అరవిందాక్షి:
నల్లరేగడి అన్నా, ఎవరికి సొంతవాళ్లు? ఆ మాట దగ్గరే నాకు పేచీ. అజ్టెక్ అని మనం అంటున్నది మూడు నగరాల కూటమి. అందులో పెద్దది మెషీకా జనం ఉన్న తెనోచ్తిత్లాన్. త్లాష్కాలా వేరే రాజ్యం. మెషీకాలకు ఎన్నడూ లొంగలేదు. లొంగలేదనే చుట్టూ దిగ్బంధం చేసి ఉప్పు, పత్తి అందకుండా చేశారు. ఏటా యుద్ధాలు, పట్టుబడినవాళ్లు బలిపీఠం మీదికి. ఈ జనానికి మెషీకా సొంతవాళ్లెలా అవుతారు?

పైగా వాళ్లు మొదట కోర్తెస్‌తో పోరాడారు, 1519 సెప్టెంబరులో, గట్టిగా. చిన్న షికోతెన్కాత్ల్ నాయకత్వంలో. తర్వాతే పెద్దలు లెక్కలు చూసుకుని చెయ్యి కలిపారు. ఆ యువ సేనాని 1521లో కోర్తెస్ చేతిలోనే ఉరికంబమెక్కాడు.

తూర్పుతీరం:
ఇక్కడ నేను అరవిందాక్షి గారితో కలుస్తాను, ఒక సంగతి జోడిస్తాను. త్లాష్కాలా వాళ్లు తమ కథను పెద్ద గుడ్డ మీద బొమ్మలుగా గీయించారు, 1552 ప్రాంతంలో. త్లాష్కాలా లియెన్సో అంటారు. అసలుది పోయింది, నకళ్లున్నాయి. అందులో స్వాగతం ఉంది, బాప్తిస్మం ఉంది, భుజం భుజం కలిపి చేసిన యుద్ధాలు ఉన్నాయి. మొదట చేసిన పోరాటం మాత్రం మాయం! ఎందుకంటే అది స్పెయిన్ రాజుకు చూపించడానికి గీయించినది. మేము మొదటినుంచీ మీ మిత్రులం, మాకిచ్చిన మాట నిలబెట్టుకోండి అని. అంటే అది చరిత్ర పుస్తకమూ, అర్జీ కాగితమూ రెండూనూ.

అలాగని తీసిపారేయడానికి లేదు. మిగతా జనంతో పోలిస్తే వాళ్లకు కొన్ని హక్కులు దక్కాయి, ఏ స్పెయిన్ దొరకూ వాళ్లను జాగీరుగా రాసివ్వలేదు. ఆ హక్కులు ఊరికే రాలేదు. 1591లో నాలుగు వందల త్లాష్కాలా కుటుంబాలను ఉత్తరాన చిచిమెకా జనం మీదికి సరిహద్దు కాపలాగా స్థిరపడమని పంపారు.

నల్లరేగడి:
హక్కులు వచ్చినయి అంటున్నరు, మరి చెయ్యి కలిపిన అందరికీ వచ్చినయా?

అరవిందాక్షి:
రాలేదన్నా, ఆ అన్యాయం గురించి ఒక ఉత్తరమే ఉంది. పక్కనే వెషోత్సింకో అనే ఊరు. 1560లో ఆ ఊరి పెద్దలు స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కు నావాత్ల్‌లో రాశారు. మేము మీవాళ్లమీద ఎన్నడూ బాణం వెయ్యలేదు, త్లాష్కాలా వాళ్లు వేశారు. మీ సైనికులకు తిండి పెట్టాం, గాయపడినవాళ్లను వీపున మోశాం, సరస్సు మీద యుద్ధానికి పడవలు కట్టడానికి కలప, తారు మేమే ఇచ్చాం. ఇంత చేస్తే మామీద 14,800 పెసోల పన్ను, అన్నే కొలతల మొక్కజొన్న వేశారు, ఇలాగైతే మా ఊరు త్వరలోనే అంతరించిపోతుంది. ఇదీ వాళ్ల మొర. ఎంత మర్యాదగా, ఎంత వంగి వంగి రాశారో, అంత కోపం కనిపిస్తుంది నాకు.

అదే ఊరు 1531లోనే కోర్టుకెక్కింది. మెక్సికోను ఏలుతున్న స్పెయిన్ అధికారులు తమనుంచి ఏమేం గుంజారో ఒక్కో వస్తువూ చెట్టు బెరడు కాగితం మీద బొమ్మలు గీసి లెక్క చూపించారు. ఇటుకలు, మిరపకాయలు, బట్టలు, బంగారం వేసిన దేవమాత పతాకం, అన్నీ. యుద్ధం అయిపోయి పదేళ్లే, అప్పటికే కొత్త దొరల కోర్టులో తమ బొమ్మల లిపినే సాక్ష్యంగా పెట్టి నిలబడ్డారు. నోట్స్‌లో కనిపించే నోరులేని అమాయకులు వీళ్లేనా?

మెక్సికోలో_ఉన్నా:
ఉద్యోగ రీత్యా కొన్నాళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. త్లతెలోల్కోలో మూడు సంస్కృతుల చౌరస్తా అని ఉంది. ఒకవైపు పాత గుడి శిథిలాలు, దాని రాళ్లతోనే కట్టిన చర్చి, వెనక కొత్త భవనాలు. ఫలకం మీద 1521 ఆగస్టు 13 అని, చివరి రాజు క్వావ్‌తెమోక్ వీరోచితంగా కాపాడిన త్లతెలోల్కో కోర్తెస్ చేతికి చిక్కిందని, అది గెలుపూ కాదు ఓటమీ కాదు, నేటి మెస్తీసో (స్పెయిన్, స్థానిక రక్తాలు కలిసిన) మెక్సికో జనం పురిటినొప్పి అని రాసి ఉంటుంది. స్పానిష్ చదవడం వచ్చాక మొదటిసారి అది చదివినప్పుడు కదిలిపోయాను. ఇక్కడి నావా (నావాత్ల్ మాట్లాడే) మిత్రులు మాత్రం ఆ ఫలకాన్ని ఒప్పుకోరు. మేము కలిసిపోయి వేరే జనం అయిపోలేదు, మా భాష మాట్లాడుతూ ఇంకా ఉన్నాం కదా అంటారు. నిజమే, 2020 జనాభా లెక్కల్లో నావాత్ల్ మాట్లాడేవాళ్లు పదహారు లక్షలకు పైనే.

2021లో ఐదు వందల ఏళ్లు అయినప్పుడు ప్రభుత్వం స్థానికుల ప్రతిఘటన పేరుతోనే కార్యక్రమాలు చేసింది. 1520 జూన్ 30 రాత్రి కోర్తెస్ ఓడి ఏడ్చాడని చెప్పే చెట్టున్న చౌరస్తాకు దుఃఖ రాత్రి బదులు విజయ రాత్రి అని పేరు మార్చారు. అప్పుడు ఇక్కడ పెద్ద గొడవే అయింది.

గ్రూప్స్_ప్రిపరేషన్:
ఇంత విషయం ఉందని అనుకోలేదు, అందరికీ థాంక్స్. అక్కా, ఇందాక త్లతెలోల్కో ముసలివాళ్లు అన్నారు. తెనోచ్తిత్లాన్ వాళ్లు చెప్పింది వేరుగా ఉంటుందా? రెండూ ఒకే దీవి మీద ఉన్న ఊళ్లే కదా?

అరవిందాక్షి:
మంచి ప్రశ్న. ఒకే దీవే, కానీ 1473లో తెనోచ్తిత్లాన్ తన జంటనగరం త్లతెలోల్కోను యుద్ధంలో ఓడించి లొంగదీసుకుంది. ఆ మంట యాభై ఏళ్లకీ ఆరలేదు. పన్నెండో పుస్తకంలో మాంటెజుమా శవం ఘట్టం చూడు. అతనితో పాటు త్లతెలోల్కో పాలకుడు ఇత్స్‌క్వావ్‌త్సిన్ శవాన్నీ స్పెయిన్ వాళ్లు బయట పడేశారు. మాంటెజుమాను కాలుస్తుంటే కొందరు తిట్టుకున్నారట. ఇత్స్‌క్వావ్‌త్సిన్ కోసం మాత్రం ఊరంతా ఏడ్చి, పడవలో తీసుకెళ్లి, లాంఛనాలతో దహనం చేశారు. చెప్పేవాడు ఏ ఊరివాడో ఇంకా చెప్పాలా? మాంటెజుమా పిరికివాడన్న పేరులో సగం ఈ పొరుగువాళ్ల పుణ్యమే అని నా నమ్మకం. స్పెయిన్ వాళ్లేమో అతను సొంత జనం విసిరిన రాళ్లకు చచ్చాడంటారు, స్థానిక రాతలు చాలావరకు స్పెయిన్ వాళ్లే చంపారంటాయి.

త్లతెలోల్కో వాళ్లదే ఇంకో రాత ఉంది, ఆ ఊరి వార్షిక చరిత్ర. దానిమీద 1528 అని ఉన్నా 1540లలో రాసిందని చాలామంది పండితుల లెక్క. సాహగూన్ ప్రమేయం లేదు, తూర్పుతీరం గారు అడిగింది ఇదే. శకునాలు లేవు, తిరిగొచ్చిన దేవుడు లేడు. ముట్టడి ఉంది. తెనోచ్తిత్లాన్ యోధులు జారిపోయారని, తమవాళ్లే చివరిదాకా నిలబడ్డారని నిష్ఠూరం ఉంది. ఉప్పునీళ్లు తాగాం, బల్లులు, ఎలుకలు, గోడల పచ్చి ఇటుక తిన్నాం అని ఉంది. యువకుడికి, పూజారికి, పిల్లవాడికి ధర కట్టారు, బీదవాడి ధర రెండు గుప్పిళ్ల మొక్కజొన్న అని ఉంది.

డాక్టర్_సిరి:
ఆడవాళ్ల సంగతి కూడా చెప్పండి అరవిందాక్షి గారూ. ఆగస్టు 13న లొంగిపోయాక జనం నగరం వదిలి పోతుంటే దారుల్లో స్పెయిన్ సైనికులు నిలబడి బంగారం కోసం చీరకుచ్చెళ్లదాకా వెతికారని, ఆడవాళ్లు మొహానికి బురద పూసుకుని చింకిపాతలు కట్టుకుని వెళ్లారని 40వ అధ్యాయంలో ఉంది. చదివాక చాలాసేపు మనసు కుదుటపడలేదు.

అరవిందాక్షి:
అవునండీ. ఆ తర్వాతి అధ్యాయంలో పుస్తకం ముగుస్తుంది. ఎలా ముగుస్తుందో చూడండి, పట్టుబడ్డ క్వావ్‌తెమోక్‌నీ మిగతా ప్రభువులనూ కూర్చోబెట్టి కోర్తెస్ బంగారం ఏదని అడగడంతో. పారిపోయిన రాత్రి కాలవలో పోయిన బంగారం కూడా తెచ్చివ్వాలట. తెనోచ్తిత్లాన్ వాళ్లు త్లతెలోల్కో వాళ్ల మీద, వాళ్లు వీళ్ల మీద చెప్పుకుంటారు. తర్వాత క్వావ్‌తెమోక్ కాళ్లు కాల్చారు, 1525లో మాయా దేశంలో ఉరితీశారు.

గ్రూప్స్_ప్రిపరేషన్:
కోర్తెస్ వెంట ఉన్న మలిన్‌చే అనే అమ్మాయి గురించి కూడా ద్రోహి అనే చదివాను. ఆమె గురించి వీళ్లేమన్నారు?

తూర్పుతీరం:
ఆ ముద్ర చాలావరకు స్వాతంత్ర్యం వచ్చాక మెక్సికో జాతీయవాదులు వేసింది. ఆమె బానిస. 1519లో మాయా తీరంలో ఓడిన ఊరివాళ్లు కోర్తెస్‌కు ఇచ్చేసిన ఇరవై మంది ఆడపిల్లల్లో ఒకర్తె. నావాత్ల్, మాయా రెండూ వచ్చు కాబట్టి దుబాసీ అయింది. ఆమెను అమ్మేసిన సమాజానికి ఆమె ఏం బాకీ? త్లాష్కాలా గుడ్డ మీద ఆమె చాలాచోట్ల మధ్యలో, పెద్దగా, కోర్తెస్‌తో సమానంగా కనిపిస్తుంది. పన్నెండో పుస్తకంలో మిద్దె ఎక్కి ప్రభువులకు హుకుం జారీ చేస్తుంది. భయం ఉంది, గౌరవం ఉంది, ద్రోహి అన్న తిట్టు ఆ తొలి రాతల్లో నాకైతే కనబడలేదు.

నల్లరేగడి:
అక్కా, త్లాష్కాలా మీద నా మాట ఇంకా పూర్తిగా మారలే, గెలిచినంక వాళ్లు నగరంలో చేసిన కోతలు కూడా ఉన్నయి కదా. ఆ వెషోత్సింకో ఉత్తరం మాత్రం మనసుకు పట్టింది. ఇవన్నీ ఎక్కడ చదవాలె?

అరవిందాక్షి:
ఉన్నాయన్నా, ఆపమన్నా ఆగలేదని కోర్తెసే రాశాడు. తరాల పగ అది.

చదవడానికైతే ఫ్లారెన్స్ కోడెక్స్ మొత్తం 2023 అక్టోబరు నుంచి గెట్టీ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. నావాత్ల్, స్పానిష్ పక్కపక్కన, ఇంగ్లీషు అనువాదం, రంగుల బొమ్మలతో సహా. పన్నెండో పుస్తకంతో మొదలుపెట్టండి, శకునాల అధ్యాయం చివరికి వదిలేసి ముందు 20, 29, 40 చదవండి. వెషోత్సింకో బొమ్మల కాగితాలు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. తమ్ముడూ, నువ్వు మాత్రం పరీక్షలో మూడు నగరాల కూటమి, త్లాష్కాలా, మశూచి, ముట్టడి, ఈ నాలుగూ లేకుండా జవాబు రాయకు.

మెక్సికోలో_ఉన్నా:
చిమల్‌పాహిన్ గురించి ఎవరూ ఎత్తలేదు, 1579లో చాల్కో ప్రాంతంలో పుట్టి నావాత్ల్‌లో పేజీలకు పేజీలు చరిత్ర రాసినాయన. మెక్సికో నగరానికి 1610లో జపాన్ వాళ్లు వచ్చిన సంగతి కూడా రాశాడు. ఆయన మీద వేరే చర్చ మొదలుపెడతాను, ఈ వారాంతం అందరూ అక్కడికి రండి.